దక్షిణ తెలంగాణ మెట్ట ప్రాంతంలో క్రాస్ కంట్రీ పరుగు

క్రాస్ కంట్రీ పరుగు అనేది పొలాలు, బీళ్ళు, పచ్చిక బయళ్ళు, గుట్టల వాలులు, బురద నేలల మీదుగా సాగే దూరపు పరుగు పందెం. ఇది అథ్లెటిక్స్‌లో ఒక విభాగం. ఐరోపా దేశాలలో దీనిని ప్రధానంగా శీతాకాలంలో నిర్వహిస్తారు. చలి, వాన, బురద అక్కడ ఈ పోటీలో భాగాలు. తెలంగాణ దక్షిణ భాగంలోని నల్గొండ, మహబూబ్ నగర్ ప్రాంతాలలో కూడా ఈ పరుగుకు అనువైన కాలం శీతాకాలమే. అయితే ఇక్కడి శీతాకాలం పొడి కాలం. ఇక్కడ బురద ఆకాశం నుండి గాక కాలువల నుండి, చెరువుల నుండి, బోరుబావుల నుండి వస్తుంది. అందువలన ఈ ప్రాంతంలో పరుగు మార్గాన్ని ఎన్నుకొనే పద్ధతి, పరుగెత్తే పద్ధతి, తీసుకోవలసిన జాగ్రత్తలు ఇతర దేశాల పద్ధతులకు కొంత భిన్నంగా ఉంటాయి.

ఈ వ్యాసంలో నల్గొండ, మహబూబ్ నగర్ అన్నచోట 2016 అక్టోబరు 11 నాటి పునర్వ్యవస్థీకరణకు ముందున్న ఉమ్మడి జిల్లాలుగా గ్రహించాలి. నేటి నల్గొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, మహబూబ్ నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, నారాయణపేట జిల్లాలు ఈ పరిధిలోకి వస్తాయి.

ఇతర పరుగులతో తేడా

ట్రాక్‌పై జరిగే పరుగులో చుట్టు 400 మీటర్లు. నేల అంతటా సమంగా ఉంటుంది. కనుక ఒక ఊరిలో నమోదైన సమయాన్ని మరొక ఊరి సమయంతో పోల్చవచ్చు. మారథాన్ వంటి రోడ్డు పరుగులలో ఎత్తుపల్లాలు ఉన్నప్పటికీ అడుగు పడే నేల గట్టిది. క్రాస్ కంట్రీలో ఈ రెండు సౌకర్యాలూ లేవు. ప్రతి మార్గం వేరు. ఒకే మార్గం కూడా వాన పడిన రోజున ఒక విధంగా, ఎండిన రోజున మరొక విధంగా ఉంటుంది. ఈ కారణంగానే క్రాస్ కంట్రీలో ప్రపంచ రికార్డులు ఉండవు. సమయానికన్నా స్థానానికే విలువ ఎక్కువ. గడియారాన్ని చూసి పరుగెత్తడానికి అలవాటు పడిన విద్యార్థి ఈ సంగతిని మొదట గ్రహించాలి.

చరిత్ర

ఈ క్రీడ ఇంగ్లాండు పాఠశాలలలో పుట్టింది. కొందరు బాలురు "కుందేళ్ళు"గా ముందు పరుగెత్తుతూ దారి పొడవునా కాగితపు ముక్కలు చల్లుతారు. మిగిలినవారు "వేటకుక్కలు"గా ఆ జాడను బట్టి వెంబడిస్తారు. ఇటువంటి ఆటల నుండే వ్యవస్థితమైన పరుగు పందెం ఏర్పడింది. రగ్బీ పాఠశాలలో 1830ల చివరి సంవత్సరాలలో మొదలైన క్రిక్ పరుగు వీటిలో పేరెన్నిక గన్నది. శీతాకాలంలో పడవ పందేలు లేని రోజులలో శరీర దారుఢ్యం తగ్గకుండా ఉండడానికి లండన్ నగరపు పడవ క్రీడాకారులు ఈ పరుగును చేపట్టారు. 1868లో థేమ్స్ హేర్ అండ్ హౌండ్స్ అనే సంఘం ఏర్పడింది. ఇంగ్లాండు జాతీయ పోటీని 1876లో ఎప్పింగ్ అడవిలో నిర్వహించగా పోటీదారులు దారి తప్పారు. ఆ పందెం రద్దయింది. మరుసటి సంవత్సరం నుండి జాతీయ పోటీలు సక్రమంగా జరిగాయి. మార్గాన్ని స్పష్టంగా గుర్తించకపోతే పరుగు పందెమే ఉండదనడానికి ఇది తొలి పాఠం.

1898లో పారిస్ సమీపంలో ఇంగ్లాండు, ఫ్రాన్స్ జట్ల మధ్య తొలి అంతర్జాతీయ పోటీ జరిగింది. 1903లో స్కాట్లాండులోని హామిల్టన్ పార్కులో అంతర్జాతీయ క్రాస్ కంట్రీ పోటీలు ఆరంభమయ్యాయి. 1973లో బెల్జియంలోని వారెగెంలో జరిగిన పోటీలతో ప్రపంచ క్రాస్ కంట్రీ ఛాంపియన్‌షిప్ మొదలైంది. కెన్యా పురుషుల జట్టు 1986 నుండి 2003 వరకు వరుసగా 18 సార్లు జట్టు విజేతగా నిలిచింది. ఇథియోపియాకు చెందిన కెనెనిసా బెకెలె 2002 నుండి 2006 వరకు ఐదు సంవత్సరాలు వరుసగా చిన్న దూరం, పెద్ద దూరం రెండింటినీ గెలిచాడు. కెన్యా, ఇథియోపియా క్రీడాకారులలో అనేకులు ఎత్తైన పీఠభూములలో, మట్టి బాటలపై పరుగెత్తి పెరిగినవారు.

ఒలింపిక్ క్రీడలలో క్రాస్ కంట్రీ 1912, 1920, 1924 సంవత్సరాలలో మాత్రమే ఉన్నది. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో ఈ పందెం జూలై నెల తీవ్రమైన ఎండలో జరిగింది. బయలుదేరిన 38 మందిలో 15 మంది మాత్రమే గమ్యం చేరారు. ఫిన్లాండుకు చెందిన పావో నుర్మి విజేత. పలువురు సొమ్మసిల్లి పడిపోయిన ఆ పందెం తరువాత ఒలింపిక్స్ నుండి ఈ అంశాన్ని తొలగించారు. శీతాకాలపు క్రీడను వేసవిలో నిర్వహిస్తే ఏమవుతుందో ఆ పందెం చూపింది. ఉష్ణమండల ప్రాంతమైన తెలంగాణ నిర్వాహకులు ఈ ఉదాహరణను గుర్తుంచుకోవడం అవసరం.

నియమాలు

ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ నియమాల ప్రకారం క్రాస్ కంట్రీ మార్గం ఆరుబయట లేదా చెట్లున్న ప్రదేశంలో, వీలైనంత వరకు పచ్చికతో కప్పబడి, సహజమైన ఎత్తుపల్లాలతో ఉండాలి. ముఖ్యమైన అంశాలు ఇవి:

• ఒక చుట్టు 1,500 నుండి 2,000 మీటర్ల వరకు ఉండడం మంచిది.
• ప్రతి చుట్టులో మొత్తం ఎక్కుడు కనీసం 10 మీటర్లు ఉండాలి.
• లోతైన గోతులు, ప్రమాదకరమైన ఎక్కుడు దిగుళ్ళు, దట్టమైన పొదలు ఉండరాదు.
• తారు రోడ్డును దాటడం వీలైనంత తక్కువగా ఉండాలి.
• ఎక్కువమంది ఒకేసారి బయలుదేరుతారు కనుక ఆరంభంలో దారి ఇరుకుగా ఉండరాదు.
• మార్గానికి రెండువైపులా స్పష్టమైన గుర్తులు ఉండాలి.

ప్రపంచ పోటీలలో 2017 నుండి పురుషులకు, స్త్రీలకు సమానంగా 10 కిలోమీటర్ల పరుగు ఉన్నది. 20 సంవత్సరాల లోపు యువకులకు 8 కిలోమీటర్లు, యువతులకు 6 కిలోమీటర్లు. అదే సంవత్సరం మిశ్రమ రిలే పోటీ కూడా చేరింది. భారతదేశంలో భారత అథ్లెటిక్స్ సమాఖ్య జాతీయ పోటీలను నిర్వహిస్తుంది. విశ్వవిద్యాలయాల మధ్య జరిగే పోటీలలో కూడా క్రాస్ కంట్రీ ఒక అంశం. ఉమ్మడి నల్గొండ, మహబూబ్ నగర్ జిల్లాల కళాశాలలు పూర్వం ఉస్మానియా విశ్వవిద్యాలయం పరిధిలో ఉండేవి. నల్గొండలో 2007లో మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్ నగర్‌లో 2008లో పాలమూరు విశ్వవిద్యాలయం ఏర్పడ్డాయి.

జట్టు గణన

క్రాస్ కంట్రీ చూడడానికి వ్యక్తిగత పందెంలా ఉన్నప్పటికీ స్వభావరీత్యా జట్టు క్రీడ. జట్టులో ఆరుగురు పరుగెత్తితే ముందు వచ్చిన నలుగురి స్థానాలను కూడుతారు. మొత్తం తక్కువగా ఉన్న జట్టు గెలుస్తుంది. ఉదాహరణకు, ఒక కళాశాల విద్యార్థులు 1, 4, 9, 12 స్థానాలలో వచ్చారనుకుందాం. వారి మొత్తం 26. మరొక కళాశాల విద్యార్థులు 2, 3, 5, 15 స్థానాలలో వస్తే వారి మొత్తం 25. మొదటి బహుమతి మొదటి కళాశాల విద్యార్థికి దక్కినా, జట్టు బహుమతి రెండవ కళాశాలకే వెళ్తుంది. అందుచేత జట్టులో నాలుగవవాడు చివరి వంద మీటర్లలో ఒక్కరిని దాటినా అది జట్టు ఫలితాన్ని మార్చగలదు. వెనుక పరుగెత్తే విద్యార్థికి కూడా ఇంత విలువ ఇచ్చే పరుగు పందేలు అరుదు.

నేల స్వరూపం

దక్షిణ తెలంగాణ దక్కను పీఠభూమిలో భాగం. మహబూబ్ నగర్ పట్టణం సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తున ఉన్నది. నల్గొండ అంతకన్నా కొంత పల్లంలో ఉన్నది. ఈ నేలకు ఆధారం సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైటు, నైస్ శిలలు. మెత్తని భాగం కొట్టుకుపోగా మిగిలిన గట్టి రాయి గుట్టలుగా, గుండ్లుగా, పరుపుబండలుగా నిలిచింది. భువనగిరి, రాచకొండ, దేవరకొండ, కోయిలకొండ, పానగల్ కోటలు ఇటువంటి గుట్టలపైనే వెలిశాయి. దక్షిణాన అమ్రాబాద్ పీఠభూమి నల్లమల కొండలలో భాగం.

పరుగు దృష్టితో ఇక్కడి నేలలను ఈ విధంగా విభజించవచ్చు:

• ఎర్ర చెల్క: గ్రానైటు శిథిలమై ఏర్పడిన తేలిక నేల. నీరు త్వరగా ఇంకిపోతుంది. వాన తరువాత ఒకటి రెండు రోజులలోనే పరుగుకు అనువుగా మారుతుంది. పరుగుకు ఇదే ఉత్తమం.
• మొరం నేల: గుట్టల పాదాలలో, వాలులలో కనిపిస్తుంది. చిన్న రాళ్ళు కాలి కింద దొర్లుతాయి. దిగుడులో మడమ జారే ప్రమాదం ఉన్నది.
• నల్ల రేగడి: గద్వాల, ఆలంపూర్ వైపున, కృష్ణా తుంగభద్రల పరిసరాలలో ఎక్కువ. తడిస్తే ఉబ్బి, జిగటగా మారి పాదరక్షలకు ముద్దలుగా అంటుకుంటుంది. ఎండితే పగుళ్ళు తీస్తుంది. ఆ పగుళ్ళలో పాదం చిక్కుకోవచ్చు.
• పరుపుబండ: పొడిగా ఉన్నప్పుడు మంచి పట్టు ఉంటుంది. మంచు పడి తడిసినా, పాచి పట్టినా అతి ప్రమాదకరం. ఇనుప మేకులున్న బూట్లు దానిపై నిలవవు.
• శిఖం నేల: చెరువు నీరు వెనుకకు తగ్గగా బయటపడే భూమి. పైన ఎండిన పొరలా కనిపించి లోపల మెత్తగా ఉంటుంది.

శీతాకాలంలో బురద ఎక్కడిది?

ఈ ప్రాంతంలో సాలీనా వర్షపాతంలో అధికభాగం జూన్ నుండి సెప్టెంబరు వరకు వీచే నైరుతి ఋతుపవనాల వలన కురుస్తుంది. అక్టోబరు, నవంబరు నెలలలో బంగాళాఖాతపు అల్పపీడనాల వలన కొంత వాన రావచ్చు. డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు ఆకాశం సాధారణంగా నిర్మలంగా ఉంటుంది. తెల్లవారుజామున చలి 15 డిగ్రీల ప్రాంతానికి, కొన్ని రోజులలో అంతకన్నా కిందికి దిగుతుంది. మధ్యాహ్నానికి ఉష్ణోగ్రత 30 డిగ్రీలకు చేరువవుతుంది. అంటే ఒకే రోజులో రెండు కాలాలు కనిపిస్తాయి. ఉదయం ఏడు గంటలకు మొదలైన పందెం, పది గంటలకు మొదలైన పందెం ఒకటి కావు.

ఇంత పొడి కాలంలో కూడా బురద ఉండడానికి కారణం యాసంగి సేద్యం. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ ప్రాంతాలలోను, జూరాల, కోయిల్‌సాగర్, కల్వకుర్తి ఎత్తిపోతల వంటి పథకాల కింద పాలమూరు ప్రాంతంలోను, బోరుబావుల కింద అంతటా యాసంగి వరి వేస్తారు. డిసెంబరు, జనవరి నెలలలో పొలానికి నీరు పెట్టి దమ్ము చేస్తారు. దమ్ము చేసిన మడిలో మోకాలి దిగువ వరకు బురద ఉంటుంది. మడికి మడికి నడుమ ఒడ్డు అడుగున్నర వెడల్పు కూడా ఉండదు. పక్కనే నీరు పెట్టని చేనులో నేల రాయిలా గట్టిగా ఉంటుంది. అందువలన ఒకే చుట్టులో గట్టి చెల్క, మొరం వాలు, జారే ఒడ్డు, బురద కాలువ వెంట వెంటనే ఎదురవుతాయి. ఇంగ్లాండులో బురద పందెం పొడవునా ఒకేలా ఉంటే, ఇక్కడ అది ముక్కలు ముక్కలుగా వస్తుంది. నేల మారిన ప్రతిసారీ అడుగు మార్చుకొనగలగడమే ఇక్కడి పరుగులో అసలు నేర్పు.

విదేశాలలో కూడా బురదను కావాలని ఏర్పాటు చేసిన సందర్భాలు ఉన్నాయి. 2019లో డెన్మార్కులోని ఆర్హస్ నగరంలో జరిగిన ప్రపంచ పోటీలలో ఒక మ్యూజియం భవనపు ఏటవాలు పైకప్పు మీదుగా మార్గం వేసి, దారిలో బురద గుంటను, నీటి గుంటను ఏర్పరచారు. మన ప్రాంతంలో అటువంటి కృత్రిమ ఏర్పాట్ల అవసరం లేదు. అయితే రైతు దమ్ము చేసిన మడి పంట కోసం సిద్ధపరచినది. అందులో దిగడం, ఒడ్లు తొక్కి తెగగొట్టడం నష్టం కలిగించే పనులు. బురద కావాలంటే రైతు అనుమతితో కోత అయిన మడిని గాని, కాలువ పక్క బీడును గాని ఎన్నుకోవాలి.

గుట్ట ఎక్కడం

గుట్ట ఎక్కడం వలన ఎంత శక్తి ఖర్చవుతుందో లెక్క కట్టవచ్చు. 2 కిలోమీటర్ల చుట్టులో 10 మీటర్ల ఎక్కుడు ఉంటే, 10 కిలోమీటర్ల పందెంలో మొత్తం ఎక్కుడు 50 మీటర్లు. 50 కిలోల బరువున్న విద్యార్థి అంత ఎత్తు ఎక్కడానికి చేయవలసిన పని 50 × 9.8 × 50 = 24,500 జౌళ్ళు, అనగా సుమారు 6 కిలోకెలోరీలు. కండరాలు తాము వాడిన శక్తిలో దాదాపు నాలుగవ వంతు మాత్రమే పనిగా మార్చగలవు కనుక అసలు ఖర్చు సుమారు 24 కిలోకెలోరీలు. చదును నేలపై పరుగుకు కిలో బరువుకు, కిలోమీటరుకు సుమారు ఒక కిలోకెలోరీ ఖర్చవుతుంది. ఆ లెక్కన 10 కిలోమీటర్లకు 500 కిలోకెలోరీలు. అంటే ఎక్కుడు వలన అదనపు ఖర్చు మొత్తంలో ఇరవయ్యవ వంతు మాత్రమే.

మరి గుట్ట దగ్గర పరుగరులు ఎందుకు కూలబడతారు? చదునులో ఉన్న వేగాన్నే ఎక్కుడులో కూడా నిలుపుకొనబోవడం ఇందుకు ముఖ్య కారణం. ఆ కొద్ది నిమిషాలలో శరీరానికి అవసరమైన ప్రాణవాయువు ఊపిరితిత్తులు, గుండె అందించగల పరిమితిని మించిపోతుంది. కండరాలు బరువెక్కుతాయి. తరువాత చదును వచ్చినా వేగం తిరిగి రాదు. కనుక ఎక్కుడులో వేగాన్ని తగ్గించి, శ్రమను సమంగా ఉంచాలి. అడుగు చిన్నది చేయాలి. చేతులను బలంగా ఊపాలి. చూపు శిఖరం మీద గాక నాలుగైదు గజాల ముందు నేల మీద ఉండాలి. శిఖరం చేరిన తరువాత ఆగకుండా మరో ఇరవై అడుగులు అదే ఊపున సాగితే, పైకి రాగానే ఊపిరి తీసుకొనడానికి నెమ్మదించేవారిని దాటవచ్చు.

గుట్ట దిగడం

ఎక్కుడు కన్నా దిగుడులోనే గాయాలు ఎక్కువ. దిగేటప్పుడు తొడ ముందు కండరాలు సాగుతూనే బరువును ఆపవలసి వస్తుంది. ఇటువంటి పనికి అలవాటు లేని కండరాలు మరునాడు, మూడవనాడు తీవ్రంగా నొప్పి పెడతాయి. వెనుకకు వాలి మడమలతో ఆపుకుంటూ దిగడం సహజమైన భయం వలన కలిగే పొరపాటు. మొరంపై ఆ విధంగా దిగితే మడమ జారి వెల్లకిలా పడడం తప్పదు. శరీరాన్ని కొద్దిగా ముందుకు వంచి, అడుగులు చిన్నవిగా, వేగంగా వేస్తూ, చేతులను పక్కలకు చాచి సమతౌల్యం నిలుపుకోవాలి. వదులు రాళ్ళున్న చోట నేరుగా దిగక ఏటవాలుగా దిగాలి.

ఈ ప్రాంతపు గుట్టలు క్రీడా శిక్షణకు ఎంతగా ఉపకరిస్తాయో తెలపడానికి భువనగిరి ఒక ఉదాహరణ. సుమారు 500 అడుగుల ఎత్తైన ఈ ఏకశిలపై శిలారోహణ శిక్షణ పొందిన సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు శిఖరాన్ని అధిరోహించారు. శిలారోహణ వేరు, పరుగు వేరు. అయినా పల్లె విద్యార్థులకు ఇంటి ముంగిట ఉన్న గుట్టే మొదటి శిక్షణ క్షేత్రం కాగలదని దీనివలన తెలుస్తున్నది.

బురదలో పరుగు

గట్టి నేలపై అడుగు వేసినప్పుడు కాలి స్నాయువులు స్ప్రింగు వలె సాగి, తిరిగి ముడుచుకొని శరీరాన్ని ముందుకు నెడతాయి. బురదలో ఆ శక్తి నేలలోకి పోతుంది. ప్రతి అడుగును కొత్తగా కండరాల బలంతో పైకి లాగవలసి వస్తుంది. అందుకే కొద్దిపాటి బురద కూడా చాలా దూరం పరుగెత్తినంత అలసట కలిగిస్తుంది.

బురదలో పాదం మొత్తాన్ని ఒకేసారి మోపాలి. మునివేళ్ళపై పరుగెత్తితే వేళ్ళు లోతుగా దిగబడతాయి. మోకాలు పైకెత్తి కాలిని నిలువుగా తీయాలి. పెద్ద అడుగు వేస్తే వెనుక కాలు జారుతుంది. మలుపు వద్ద వేగాన్ని ముందే తగ్గించుకోవాలి. ఇంతకుముందు అనేకులు తొక్కిన దారి మెత్తబడి ఉంటుంది. గుర్తుల మధ్యనే పక్కగా గడ్డి ఉన్న చోటును వెదుక్కోవడం లాభదాయకం. బురద దాటిన వెంటనే వేగం పెంచరాదు. పాదరక్షలకు అంటిన మట్టి రాలడానికి ఇరవై ముప్పై అడుగులు పడుతుంది.

పాదరక్షలు

మేకుల బూట్లు పచ్చికకు, తడి చెల్కకు అనుకూలం. సహజ నేలపై 25 మిల్లీమీటర్ల పొడవు వరకు మేకులను నియమాలు అనుమతిస్తాయి. అయితే మార్గంలో పరుపుబండ గాని, తారు రోడ్డు గాని ఉంటే ఇవి ప్రమాదకరం. రబ్బరు గుబ్బలున్న సాధారణ బూట్లు ఇక్కడి మిశ్రమ నేలకు మేలు. రేగడిలో లోతైన గుబ్బల మధ్య మట్టి కూరుకుపోతుంది కనుక గుబ్బలు దూరదూరంగా ఉండాలి. లేసులు వదులుగా ఉంటే బూటు బురదలోనే ఉండిపోతుంది. అడుగునున్న ముడిని రెండుసార్లు వేసి, చివరలను లోపలికి దోపాలి.

బూట్లు కొనలేని విద్యార్థులు ఒట్టి కాళ్ళతో పరుగెత్తడం గ్రామాలలో సాధారణం. చెల్కలో, పచ్చికలో ఇది హాని కాదు. కాని తుమ్మ ముళ్ళు, పల్లేరు కాయలు, వరి కొయ్యకాళ్ళు, బురదలో కనబడని గాజు పెంకులు గాయపరుస్తాయి. పాఠశాలలు నిర్వహించే పోటీలలో బూట్లు లేనివారు కూడా పాల్గొంటారని భావించి మార్గాన్ని శుభ్రపరచడం నిర్వాహకుల బాధ్యత.

మార్గం ఎంపికలో జాగ్రత్తలు

మార్గం నిర్ణయించేవారు మొదట దానిని పగటి వెలుగులో పూర్తిగా నడిచి చూడాలి. పందెం నాటి ఉదయం మరల నడవాలి. ముఖ్యంగా గమనించవలసినవి:

• పాడుబడిన వ్యవసాయ బావులు. బోర్లు వచ్చిన తరువాత వదిలివేసిన బావులకు అనేకచోట్ల గోడ లేదు. చుట్టూ పొదలు పెరిగి అంచు కనబడదు. మార్గం వీటికి దూరంగా ఉండాలి.
• విద్యుత్ తీగలు. అడవి పందుల నుండి వేరుశనగ, మొక్కజొన్న చేలను కాపాడుకొనడానికి కొందరు కంచె తీగలకు చట్టవిరుద్ధంగా విద్యుత్తు పెడుతుంటారు. తెల్లవారకముందు చేలగట్ల వెంట పరుగెత్తడం ప్రాణాపాయం. రైతులను అడిగి తెలుసుకొనకుండా కొత్త దారిలో వెళ్ళరాదు.
• కాలువలు. ప్రధాన కాలువ గట్టు పరుగుకు చదునుగా ఉన్నా, సిమెంటు లైనింగు నున్నగా ఉండడం వలన జారిపడినవారు పైకి రాలేరు. గుంపు పరుగుకు కాలువ గట్టు పనికిరాదు.
• పాములు. చలికాలపు ఉదయాలలో రక్తపింజర వంటివి ఎండ కోసం గట్లపైకి వస్తాయి. పాము కాటుకు గురైన వ్యక్తిని కదలనీయకుండా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. గాటు పెట్టడం, గట్టిగా కట్టు కట్టడం చేయరాదు.
• అడవి. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో అటవీశాఖ అనుమతి లేకుండా ప్రవేశించరాదు.

ఒక ఎకరం చదరపు స్థలం చుట్టుకొలత సుమారు 250 మీటర్లు మాత్రమే. కనుక ఊరి ఆటస్థలం ఒక్కటే క్రాస్ కంట్రీకి చాలదు. ఆటస్థలంలో పరుగు ఆరంభించి, బీళ్ళ మీదుగా గుట్ట పాదం వరకు వెళ్ళి తిరిగి అక్కడికే చేరే చుట్టు అనువైనది. కోతలు ముగిసిన తరువాత, యాసంగి నాట్లకు ముందు ఉండే కొద్ది వారాలు ఇందుకు మంచి సమయం. పత్తి చేలు జనవరి వరకు కూడా నిలిచి ఉంటాయి కనుక వాటిని తప్పించాలి.

ఆరోగ్యం

చలికాలమైనా ఎండదెబ్బ తగలదని అనుకోరాదు. దీర్ఘమైన శ్రమలో శరీరంలోనే వేడి పుడుతుంది. తూలడం, పొంతన లేని మాటలు, స్పృహ తప్పడం దీని లక్షణాలు. అటువంటి వ్యక్తిని వెంటనే నీడకు చేర్చి, ఒంటిపై చల్లని నీరు ధారాళంగా పోసి, గాలి విసరాలి. అంబులెన్సు కోసం 108కి ఫోను చేయాలి. వాహనం వచ్చేవరకు చల్లబరచడం ఆపరాదు. స్పృహ లేనివారి నోటిలో నీరు పోయరాదు. పరుగులో ఛాతీనొప్పి, కళ్ళు తిరగడం కలిగినవారు, కుటుంబంలో చిన్న వయసులో హఠాన్మరణం జరిగినవారు వైద్య పరీక్ష లేకుండా పోటీకి దిగరాదు. జ్వరం తగ్గిన వెంటనే పరుగెత్తడం కూడా ప్రమాదమే.

బురదలో అయిన గాయాన్ని సబ్బుతో, శుభ్రమైన నీటితో కడగాలి. ధనుర్వాతపు టీకా గడువు దాటిందేమో చూసుకోవాలి. త్రాగునీటి విషయంలో ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన సమస్య ఫ్లోరైడు. నల్గొండ జిల్లాలోని మర్రిగూడ, మునుగోడు వంటి ప్రాంతాల భూగర్భ జలాలలో ఫ్లోరైడు అధికంగా ఉండి, తరతరాలుగా ఎముకలను, కీళ్ళను వంచింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. పటిక, సున్నం వాడి ఫ్లోరైడును తొలగించే పద్ధతికి "నల్గొండ విధానం" అని పేరు. ఒక రోజు త్రాగినందువలన వ్యాధి రాదు. కాని రోజూ పరుగెత్తి రోజూ ఎక్కువ నీరు త్రాగే విద్యార్థులు శుద్ధిచేసిన నీటినే త్రాగడం అవసరం.

ప్రాధాన్యత

క్రాస్ కంట్రీకి స్టేడియం అక్కరలేదు. ఖరీదైన సామగ్రి అక్కరలేదు. కరువులకు, వలసలకు పేరుబడిన మెట్ట ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు. అంతేగాక ఇక్కడి యువతకు పరుగు జీవనోపాధితో ముడిపడి ఉన్నది. 2022 నాటి తెలంగాణ పోలీసు నియామకాలలో పురుషులు 1,600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలోను, స్త్రీలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలోను పూర్తిచేయాలని నిర్ణయించారు. సైనిక నియామక ర్యాలీలలో కూడా 1.6 కిలోమీటర్ల పరుగు ఉంటుంది. ప్రకటన వెలువడిన తరువాత కొద్ది వారాలలోనే సిద్ధం కావాలని అనేకులు తారు రోడ్లపై, చీకటిలో, వాహనాల మధ్య పరుగెత్తుతుంటారు. మునికాలి ఎముక నొప్పులు, రోడ్డు ప్రమాదాలు దీని ఫలితాలు.

పాఠశాల దశ నుండి వారానికి మూడు నాలుగు రోజులు చెల్క నేలపై నెమ్మదిగా, వారానికి ఒకరోజు గుట్ట వాలుపై పరుగెత్తినవారికి ఈ తొందర ఉండదు. దూరాన్ని వారం వారం కొద్దికొద్దిగా పెంచాలి. ప్రతి నాలుగవ వారం తగ్గించాలి. మొదటి నెలలో వేగం గురించి ఆలోచించరాదు. మూడు నెలల ఇటువంటి అభ్యాసం తరువాత 1,600 మీటర్ల పరుగు చిన్నదిగా తోస్తుంది. ఉద్యోగం అందరికీ రాకపోవచ్చు. కాని బలమైన గుండె, గాయపడని కాళ్ళు, తన ఊరి నేలను అడుగు అడుగునా తెలుసుకొన్న అనుభవం పరుగెత్తిన ప్రతివారికీ మిగులుతాయి.